దారం గీత

మా నాయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవాడు. ఎర్రమన్ను నీళ్లలో ముంచిన దారాన్ని రాయి మీద లాగిపట్టి వదిలితే గీత పడుతుంది. సెల్‌ఫోన్లు కొత్తగా చేతుల్లోకి వచ్చిన రోజుల్లో ఒకనాడు ఆ గీత వంకరగా పడిందని దారాన్ని తిట్టాడు. మూడు దారాలు మార్చాక గానీ తప్పు కంటిదని తేలలేదు. వయసు వల్ల కంటి వెనక పొరలో నీరు చేరిందన్నారు. ఎడమ కన్ను అప్పటికే చెడింది. మిగిలింది కుడిదొక్కటే.

నంద్యాలలో కంట్లోకి సూది వేశారు. మూడు సూదులకు గీత చక్కబడింది. జ్వరం సూదిలాగే ఇక అయిపోయిందనుకుని వీధంతా చెప్పుకున్నాను. "ఆపితే మళ్లీ నీరు చేరుతుందమ్మా" అన్నాడు డాక్టరు. ఎన్నాళ్లని అడిగితే చీటీ మీద వచ్చే నెల తారీఖు రాసిచ్చాడు.

అప్పట్నుంచి నా టీచరుద్యోగంలో నెలకో సెలవు దానికే. అదే బస్సు, అదే బెంచీ. పరీక్షల పనిలో పడి రెండు నెలలు తప్పిస్తే చూపు తగ్గింది. ఆ తర్వాత పెళ్లయినా చావైనా ఆ తారీఖు దాటలేదు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. సంతోషంగా చేశానంటే అబద్ధం.

చూపు కొద్దికొద్దిగా జారుతోందని డాక్టరు అంటూనే ఉన్నాడు. అక్షరాలు రాని మనిషికి అక్షరాల పరీక్షేమిటని నేను దారాన్నే నమ్మాను. రోజూ పొద్దున దారం ఒక కొస నేను పట్టుకుని, బండ మీద గీత వేయించి ఎట్లుందని అడిగేదాన్ని.

"సక్కగుంది పాపా." నాలుగేళ్లు అదే మాట.

ఒక తారీఖునాడు సంచి సర్దుకుంటూ, ఆయన దారం లాగి వదిలే క్షణంలోనే నా వైపు కొస జారవిడిచాను. బండ మీద ఎర్రటి మరక తప్ప గీత లేదు.

"సక్కగుంది" అన్నాడు.

"యాడ నాయనా? గీతే పడల్యా!"

"దారం బిగువు వేలికి తెలుస్తాది. ఎప్పుడూ సక్కగనే పడ్తాది గదా."

"మరి నీకేం కనపడతాంది?"

"పక్కలు. గోడ, బస్సు, నీ చేతిలో సంచి. యాడ జూస్తే ఆడ మాత్రం ఉండదు. నీ మొకం జూసి రెండేండ్లాయ."

కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. "ఎందుకు చెప్పలే?"

"నీ తిరుగుడంతా దండగని ఏడుస్తావని."

"ఆపేద్దామా?"

"ఆపితే సంచి గూడా కనపడదేమో. పద, బస్సు పోతాది."

ఎక్కాం. ఆ రెండేళ్లూ నంద్యాల దాకా ఆయన పక్కనే మొహం మాడ్చుకుని కూర్చునేదాన్ని. నా విసుగు ఆయనకు కనబడాలనే.