ముత్తమ్మ పేరు మీద తెరిచిన ఖాతా

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, సంఘంలో మీరంతా నన్ను మార్తమ్మగానే ఎరుగుదురు. దమ్మపేట దగ్గర అడవి అంచు ఊరు మాది. ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోస్తాను, మిగతా రోజులు మిరప చేలకు కూలికి పోతాను. కొన్నేళ్ల కిందటి మాట, నా భర్త ఏలియా తాపీపని కూలి గడప తొక్కకముందే సారాకు అయిపోయేది, అది చాలక నేను బియ్యం కుండలో దాచినా, చూరులో దోపినా, కోళ్ల గంప కింద పెట్టినా వెతికి మరీ పట్టుకుపోయేవాడు. మా అమ్మాయి రూతుకు ఖమ్మంలో నర్సు ట్రైనింగుకు సీటు వచ్చింది. ఫీజుకు నాకున్న ఆధారం ఒక్క ఆకు డబ్బే. అది ఇంట్లోకి వచ్చిందంటే బిడ్డ చదువు ఆగినట్టే, ఆ దిగులుతో నాకు అన్నం సయించేది కాదు.

అప్పుడే దమ్మపేటలో ఒక బ్యాంకువాళ్లు కూలి చేసుకునే ఆడవాళ్లకు కొద్ది డబ్బుతోనే పొదుపు ఖాతా ఇస్తామన్నారు. నెలాఖరులోగా ఖాతా తెరిచి డబ్బు వేయాలి, ఆ తరువాత ఆ సౌకర్యం ఎత్తేస్తారు, ఇక మాలాంటివాళ్లకు అందదు. ఆకు కొనే కల్లంలో డబ్బు చేతికొచ్చేసరికి ఆ ఆఖరి రోజు రానే వచ్చింది. ఇంటి ముఖం చూడకుండా, డబ్బు కొంగున ముడేసుకుని అటునుంచి అటే ఆటో ఎక్కాను, దారి పొడుగునా "ప్రభువా, తలుపు మూయకు తండ్రీ" అని గొణుగుతూనే ఉన్నాను.

బ్యాంకులో సారు పేరడిగితే ధైర్యంగా మార్తమ్మ అన్నాను. ఆయన రేషన్ కార్డు చూసి, "ఇందుల ముత్తమ్మ అని ఉన్నది గదమ్మా, ముత్తమ్మ ఎవరు?" అన్నాడు. మనం బాప్తిస్మమప్పుడు పేరు మార్చుకుంటాం గాని కార్డు సంగతి ఎవరం పట్టించుకుంటాం! నేనైతే వాగులో మునిగి లేచిన రోజునుంచి పాత పేరుతో పిలిస్తే పలక్కపోగా తిట్టేదాన్ని, ఆ పేరు ఒప్పుకుంటే ప్రభువును కాదన్నట్టేనని నా పట్టుదల. అందుకే "ఆ ముత్తమ్మ సచ్చిపోయింది సారూ" అన్నాను. "సచ్చిపోయినోళ్లకు ఖాతా ఇయ్యరాదమ్మా" అని ఆయన కార్డు నా చేతిలో పెట్టి, ఇక్కడ ఖాతా ఉన్నవాళ్లెవరైనా నువ్వే ముత్తమ్మవని చెబితే చూద్దామన్నాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. "తండ్రీ, నీకోసం ఇడిసిన పేరు మళ్ల ఎట్ల ఎత్తుకోను, ఎత్తుకోకపోతే నా బిడ్డ ఏమైపోవాలె" అని ఏడ్చాను. అంతలో సోమక్క వచ్చింది. నాతో కలిసి ఆకు కోసే కోయ ఆమె, పొదుపు సంఘానికి లీడరు, ఆ బ్యాంకులోనే ఖాతా ఉంది, చర్చికి రాదు, వాళ్ల వేల్పులనే కొలుస్తుంది. "ఏంది ముత్తమ్మా, గిట్ల కూసున్నవ్?" అంది. సంగతంతా చెప్పాను. ఆమె నవ్వి, "మీ దేవుడు నిన్ను గా పేరు మీద ఉన్నప్పుడే గదా పిలిచింది? పేరు మార్చుకున్నంక వచ్చిండా ఏంది?" అంది.

సహోదరులారా, ఆ మాటకు నేను కళ్లు తుడుచుకుని లేచాను. నేను ముత్తమ్మగా జ్వరంతో పడి ఉన్నప్పుడే ఆయన నన్ను లేవనెత్తాడు, కొత్త పేరు ఆ తరువాతి మాట. బోధకులు చెప్పినా విననిదాన్ని, ఆ రోజు దేవుడు సోమక్క నోట నాకు బుద్ధి చెప్పాడు. ఇద్దరం లోపలికి పోయాం. "అవ్ సారూ, నేనే ముత్తమ్మను" అన్నాను. సోమక్క ఔనని సాక్షి సంతకం పెట్టింది, కౌంటరు మూయకముందే డబ్బు ఖాతాలో పడింది, ఆయనకే స్తోత్రం!

ఆ సాయంత్రం నా భర్త ఇల్లంతా తిరగేశాడు. బ్యాంకులో ఉంది, నా వేలిముద్ర లేనిదే రాదని చెప్పాను. అరిచాడు, గిన్నెలు విసిరాడు, చాలా రోజులు మాట్లాడలేదు. నేను ప్రార్థన మానలేదు. రూతు ఖమ్మం వెళ్లింది, చదువు పూర్తి చేసింది, ఉద్యోగంలో చేరింది. నా భర్త తాగుడు మానడం, మళ్లీ తాగడం, మళ్లీ మానడం, ఇలా నన్ను ఎంత విసిగించాడో దేవునికి తెలుసు. ఒకరోజు పని నుంచి నేరుగా ఇంటికొచ్చి, సిమెంటు చేతులతోనే జేబులోని కూలి డబ్బంతా తీసి నా ఒళ్లో పెట్టి, తల వంచుకుని, "ఇది గూడ నీ ఖాతల ఏస్తవా?" అన్నాడు. వేశాను.

మహిమంతా దేవునిదే. ఇంట్లో ఏదీ నిలవక కన్నీళ్లతో కూర్చున్న అక్కలారా, ఉన్నవాళ్లు ఉన్నట్టే ఆయన దగ్గరికి రండి. ఆయన చేతిలో పెట్టినదాన్ని ఎవరూ ఎత్తుకుపోలేరు.