ఖాదర్ సార్ అనుమానం

నల్లరేగడి గుంత గోడ మీద నీళ్లు చిలకరిస్తే ఒక వాసన లేస్తుంది. తొలకరి వాసన కాదది, కొంచెం మగ్గిన పాత వాసన. మొన్న నందికొట్కూరు దగ్గర, బైపాసు రోడ్డు పడబోయే పొలంలో, మట్టి పొరల రంగు తేలడానికని కూలీలు నీళ్లు చల్లుతుంటే ఆ వాసన తగిలింది. ఖాదర్ సార్ పక్కనే నిలబడి నా నోట్సులోకి తొంగి చూస్తున్నట్టనిపించి, చప్పున పేజీ సరిచూసుకున్నాను. ఆయన పోయి మూడేళ్లయింది. ఆ భయం మాత్రం పోలేదు.

కట్టడాలు లేవబోయే నేలను ముందుగా తవ్వి, పాతకాలపు ఆనవాళ్లు ఉన్నాయేమో చూడటం మా పని. ఆ పనిలో నాకు పై అధికారీ, గురువూ ఆయనే. కడప మనిషి. అంత అనుమానపు మనిషిని నేను మళ్లీ చూడలేదు. జల్లెడ పట్టిన మట్టిని మళ్లీ జల్లెడ పట్టించేవారు. నేను కొలిచిన లోతును తాను ఇంకోసారి కొలిచేవారు. టీ తెచ్చే అతన్ని కూడా "ఈ పాలు యాడివప్పా?" అని అడిగిగానీ గ్లాసు అందుకునేవారు కాదు. నేను ఉడుక్కుంటే, "నీ మీద అనుమానం కాదు తల్లీ, మనిషి మీద" అనేవారు, అదేదో పెద్ద ఓదార్పు అయినట్టు.

ఆయన కింద నా మొదటి తవ్వకం మద్దమ్మ చేలో. సోలార్ కంపెనీకి పోబోతున్న భూముల్లో ఆమె నాలుగెకరాలూ ఉన్నాయి. మొగుడు లేడు, శనగ పంటే ఆధారం. మేము నిధుల కోసమే వచ్చామని ఊరివాళ్ల నమ్మకం. సాయంత్రం సంచులు విప్పి చూపించందే మమ్మల్ని కదలనిచ్చేవారు కాదు. సార్‌కు ఆ పద్ధతి మహా నచ్చింది. మద్దమ్మ మాత్రం సంచుల జోలికి రాలేదు. గట్టు మీద కూర్చుని నన్ను ఒకటే అడిగేది: "ఏమన్నా పాతకాలంది దొరికితే కంపెనీ రాదంట, నిజమేనా పాపా?" నిజమేనన్నాను. నేను నోరు మూసుకుని ఉండాల్సింది.

రెండు రోజులకు, పొద్దున్నే, గుంత మూలలో ఒక నల్లకుండ తేలింది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. సార్ మోకాళ్ల మీద కూర్చుని కుండలో ముక్కు పెట్టారు. చాలాసేపటికి తీసి, "మజ్జిగ" అన్నారు. గట్టు మీద మద్దమ్మ తల దించుకుంది. ఆయన మట్టి తుడిచి కుండ ఆమె చేతికిచ్చారు.

"మరి ఇంట్లో పెరుగు దేంట్లో తోడేస్తాండావమ్మా ఇప్పుడు?"

నోట్సులో మాత్రం అంతా రాశారు, కుండ ఇప్పటిదని, ఎవరో తెచ్చి పాతారని.

"రాయకపోతే ఆమె చేను నిలిచేది కద సార్" అన్నాను. ఆయన కింద తేదీ వేసి సంతకం పెట్టారు. అంతకుముందు ఆయన రెండుసార్లు కంపెనీ జీపులో వెళ్లొచ్చారు. అది గుర్తొచ్చి మొహం మీదే అడిగేశాను.

"కంపెనీవాళ్లు మీకేమన్నా ఇస్తున్నారా సార్?"

కోప్పడతారనుకున్నాను. నోట్సు నా చేతిలో పెట్టారు. "ఇప్పుడు పని నేర్చినావు. ఈ పొద్దు నుంచి నేను రాసేదంతా నువ్వు సరిచూడు" అన్నారు. జీపు సంగతి చెప్పలేదు. నాకు ఇప్పటికీ తెలియదు.

వారానికి అదే చేలో ఇంకో గుంతలో నిజంగానే వేల ఏళ్లనాటి సమాధి బయటపడింది. రాతి పలకల మధ్య ఎముకలు, నలుపూ ఎరుపూ కలిసిన కుండలు. అలాంటివాటిని ఊళ్లలో రాక్షసగుళ్లు అంటారు. "ఇవి ఎవరింటి కుండలు సార్?" అని కంపెనీ మనిషి నవ్వాడు. తనిఖీకి వచ్చిన అధికారికీ అదే సందేహం. సార్ మజ్జిగ కుండ గురించి రాసిన పేజీ తీసి ఆయన ముందు పెట్టారు. దొంగ కుండను దొంగదని రాసినవాడు ఇప్పుడు అబద్ధం ఎందుకు రాస్తాడని అధికారి నమ్మాడు. కంపెనీ ఆ చేను వదులుకుంది. మద్దమ్మకు చెప్పడానికి పరుగెత్తింది నేనే. సార్‌ను అనుమానించినందుకు దారి పొడవునా సిగ్గుపడ్డాను.

ఆరు నెలలకు, పాత సమాధి ఉన్న నేలని ప్రభుత్వం ఆ చేను చుట్టూ ముళ్లకంచె వేయించింది. దున్నరాదు, తవ్వరాదు అని బోర్డు పెట్టారు. కొలతల కోసం వెళ్లిన మాకు మద్దమ్మ కంచె బయట ఎదురైంది. తిడుతుందనుకున్నాను.

"నా కుండ వాసన చూస్తివి. నా చేన్లో మట్టంతా జల్లెడ పడితివి. ఈ చేనితో నీకేం కావల్లమ్మా అని ఒక్క మాట అడిగింటే ఏం పోతాండె సారూ?"

టీ తెచ్చే అతన్ని సైతం వదలకుండా ప్రశ్నలడిగే మనిషి, ఆమెను ఆ ఒక్కటీ అడగలేదు. సాయంత్రం కొలతల కింద ఆమె మాటను, ఆమె అన్నది అన్నట్టే రాశారు.

ఆయన అనుమానం నాకూ అంటుకుంది. తేలిగ్గా దొరికిన దేన్నీ నమ్మను, నన్ను నేను అసలే నమ్మను. కానీ ఏ చేనికి వెళ్లినా ముందు ఆ చేని మనిషి దగ్గర కూర్చుని, మీకేం కావాలని అడుగుతాను. నన్ను ఎగాదిగా చూస్తారు. "చెప్తే మాత్రం ఇచ్చేది నీ చేతిలో ఉండాదా మేడమ్?" అంటారు. లేదనే చెబుతాను. అయినా వాళ్ల మాట మొదటి పేజీలో రాశాకే పార దించమంటాను.