వాగు దోవలో తంగేడు కొమ్మలు

ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. దయ్యాలంటే అప్పుడూ నవ్వేదాన్ని, ఇప్పుడూ నవ్వుతాను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

యాభైల చివరి మాట. మా ఊరు చిక్కబళ్ళాపురానికి పైన, కొండల్లో. హైస్కూలు ఆఖరి పరీక్షలో నేను తప్పింది లెక్కల్లోనే, నవ్వుకోండి. వానాకాలంలో మళ్ళీ రాసే అవకాశం వచ్చింది. ఈసారి రాయకపోతే చదువు మాన్పించి పెళ్ళి చేస్తానని నాన్న తేల్చి చెప్పాడు.

పరీక్ష కొండ కింద టౌన్లో, మధ్యాహ్నం రెండింటికి. పొద్దున బస్సు రాలేదు. నాన్న పనిమీద గౌరిబిదనూరు పోయాడు. అమ్మ మూడు రోజులుగా జ్వరంతో మంచం మీద ఉంది. రోడ్డు వెంట నడిస్తే సాయంత్రమవుతుంది. మిగిలింది వాగు దోవ. చిత్రావతిలో కలిసే ఆ వాగు మూడు చోట్ల కిందికి దూకుతుంది. మూడు చోట్లా జలపాతం అంచునే, బండల మీదుగా దాటాలి.

"ఆ దోవన పోవద్దమ్మా. బండలు పాచి పట్టి ఉండాయి," అంది అమ్మ.

పోతానన్నాను. పక్కింటి అత్తను అమ్మ దగ్గర కూర్చోబెట్టి, పెన్ను ఓణీ చెంగున ముడి వేసుకుని బయలుదేరాను.

దోవకు అటూ ఇటూ తెల్లగా తుమ్మిపూలు, పచ్చగా తంగేడు. మొదటి జలపాతం దగ్గర బాటకు అడ్డంగా తంగేడు కొమ్మ పడి ఉంది. ముందు పోయినవాళ్ళు దోవ బాగాలేకపోతే వెనక వచ్చేవాళ్ళ కోసం అలా పచ్చికొమ్మ వేసి, ఎగిరిపోకుండా రాయి పెడతారు. దాన్ని ఎవరూ దాటరు. మా అమ్మ మాత్రం రాయి మీద ఇంకో చిన్న రాయి పెట్టేది. ఇంకెవరూ అలా పెట్టగా నేను చూడలేదు.

ఇక్కడ రెండు రాళ్ళున్నాయి.

ఎవరో అమ్మను చూసి నేర్చుకున్నారనుకుని దాటేశాను. రెండో జలపాతం దగ్గర మళ్ళీ కొమ్మ, రెండు రాళ్ళు. విరిచిన చోట తడి ఆరలేదు. తెల్లవారుజామున వాన పడింది, మెత్తటి మట్టిలో నా ముందు ఒక్క అడుగు జాడ లేదు.

"ఎవరప్పా ముందర పోతాండేది?" అని అరిచాను. నీళ్ళ హోరే వినబడింది. భయమేసింది. భయం కన్నా కోపం ఎక్కువైంది. నా పరీక్షకు అడ్డం వేయడానికి వీళ్ళెవరు?

మూడో కొమ్మ దగ్గర ఏడ్చాను. ఏడుస్తూనే దాటాను. బండ మీద కాలు జారి మోకాలు గీరుకుపోయింది, అంతే. తడి లంగాతోనే కూర్చుని పరీక్ష రాశాను. తరవాత పాసయ్యాను కూడా.

మర్నాడు బస్సులో ఇల్లు చేరాను. కొమ్మల సంగతి అప్పటికి ఎవరికీ చెప్పలేదు. నువ్వు పోయినప్పటి నుంచి మీ అమ్మ మంచం దిగలేదమ్మా, నీళ్ళు కూడా నేనే తాగించినానని అత్త చెప్పింది. అమ్మకు జ్వరం కొంచెమే తగ్గింది. నా మోకాలి కేసి చూసింది.

"మూడు కొమ్మలేస్తిని గదమ్మా," అంది మెల్లగా. "మూడూ దాటినావా?"



తరవాత ఎన్నిసార్లు అడిగినా, జ్వరంలో ఏమన్నానో గుర్తులేదనేది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఈ ఒక్క లెక్క నాకు నేటికీ తేలలేదు.

అలాంటి రోజే మళ్ళీ వస్తే, మళ్ళీ దాటుతాను. కాకపోతే ఈసారి ఆ రాళ్ళ దగ్గర కాసేపు ఆగి, "వస్తానులేమ్మా" అని చెప్పి దాటుతాను.