పాము రంగు చెప్పమన్న తాతయ్య

చిన్నప్పుడు మా తాతయ్య చెప్పే దొర కబుర్లంటే నాకు హడలు. విక్టోరియా రాణి కాలంలో, తాతయ్య మంచి వయసులో ఉండగా, ఒక ఇంగ్లీషు దొర మా మన్యం కొండలకు వచ్చాడట. పురుగుల్ని, పిట్టల్ని, పాముల్ని పట్టి తన దేశానికి పంపడమే ఆయన పని. ఆయన సీసాలూ పెట్టెలూ తాతయ్య కావిడిలో మోసేవాడు. ఎండబెట్టిన పిట్టలకు చీమలు పట్టకుండా బల్లకాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టేవాడు. సారాయి సీసాల్లో కళ్లు తెరుచుకునే ఉన్న పాముల గురించి విన్న రోజు నాకు అన్నం సయించేది కాదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం వసారాలో నులకమంచం మీద నిద్రపోయి లేచేసరికి నా పాదాల దగ్గర పాము ఉంది. కాళ్లు లాక్కుందామనిపించింది. గుమ్మంలోకి వచ్చిన తాతయ్య దాన్ని చూసి అక్కడే ఆగిపోయాడు.

"నాకు చూపు ఆనడం లేదమ్మా. దాని రంగేమిటో మెల్లగా చెప్పు," అన్నాడు.

నలుపు అన్నాను. చారలున్నాయా అని అడిగాడు. తెల్లవి, సన్నవి అన్నాను. తల వైపా, తోక వైపా అన్నాడు. తోక వైపే ఎక్కువ అన్నాను. ఒక్కొక్కటీ చూసి చెబుతూ కాళ్లు లాక్కోవాలన్న సంగతే మరిచాను. పాము మంచంకోడు మీదుగా జారి చూరు నీళ్లలోకి వెళ్లిపోయింది.

తాతయ్య గబగబా వచ్చి నన్ను ఎత్తుకున్నాడు.

"దొరకీ భయమేనమ్మా. ఒళ్లంతా చెమటలు పోసేవి. అయినా రంగులు చెప్పుకుంటూ కదలకుండా నిలబడేవాడు."

ఆకాశంలో గద్దను నాకంటే ముందు చూసేది తాతయ్యేనని ఆ తర్వాత గుర్తొచ్చింది.

డెబ్బై దాటాక అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. నాతోపాటే దిద్దిన మనవరాలు ఒక సాయంత్రం అపార్ట్‌మెంట్ వెనక ట్రెయిల్ మీద నాకు ముందు నడుస్తూ ఉన్నట్టుండి ఆగింది. దాని బూట్ల ముందు, ఎండుటాకుల్లో, పాము చుట్ట చుట్టుకుని ఉంది.

"అమ్మమ్మా, స్నేక్," అంది. పరిగెత్తబోతోందని దాని భుజాలు చూస్తేనే తెలిసింది.

"కదలకు తల్లీ. కళ్లద్దాలు ఇంట్లో మరిచాను. రంగు చెప్పు."

"బ్రౌన్... కాపర్ లాగా. మచ్చలు ఉంది."

ఎలాంటి మచ్చలని అడిగాను. అది చెబుతూ ఉంది. పాము నెమ్మదిగా చుట్ట విప్పుకుని ఆకుల్లోకి జారుకుంది. అప్పుడు పిల్ల వెనక్కి తిరిగి నా ముఖం చూసింది. కళ్లద్దాలు నా ముక్కు మీదే ఉన్నాయి.

భయం నన్ను ఈనాటికీ వదల్లేదు. తాతయ్య ఆడిన ఆ అబద్ధమూ వదల్లేదు.