పసుపు దారం కింద సీలు

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేను. డిగ్రీ పట్టా చేతికొచ్చి రెండు నెలలైనా ఉద్యోగం రాలేదు. కానీ మా నాయన బండికి కొత్త బ్యాటరీ వచ్చింది. అది ఎట్లా వచ్చిందో ఎవరికైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మాది తిరుత్తణి. నాయన మగ్గం నేస్తాడు. నూలు తెచ్చుకోవడానికి, నేసిన చీరలు షావుకారుకు ఇవ్వడానికి కరెంటు స్కూటర్ కొన్నాడు. ఏడో నెల నుంచి అది సగం దారిలో ఆగిపోవడం మొదలుపెట్టింది. మూడేళ్ళ వారంటీ ఉంది కదా అని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని తిరువళ్ళూరు సర్వీసు సెంటరుకు తీసుకెళ్ళాం.

మేనేజరు సీటెత్తి చూశాడు. "సీలు మీద చెయ్యి పెట్టినారు పెద్దాయనా. బయట యాడో విప్పించినారు. ఇంక వారంటీ రాదు."

విప్పించింది లేదు. కొత్తగా ఏది కొన్నా పడుగులోంచి ఒక పోగు తీసి, పసుపులో ముంచి, దానికి కట్టడం మా ఇంటి అలవాటు. బండికి ప్రాణం బ్యాటరీయే కదా అని నాయన ఆ పెట్టె చుట్టూ కట్టాడు. సరిగ్గా కంపెనీ సీలు మీదుగా. పసుపు దిగి సీలంతా మరక పడింది.

"ఆ మాట కాయితంలో రాసియ్యండి అన్నా," అన్నాను.

"నువ్వేం చదివినావమ్మా?"

"బి.కాం."

"బి.కాంలో బ్యాటరీ పాఠం ఉంటుందా?"

పక్కనున్న మెకానిక్కులు నవ్వారు. నాయన నా చెయ్యి పట్టి బయటికి లాగాడు.

బండి అక్కడే వదిలేసి రైల్లో తిరిగొస్తూ వారంటీ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. సీలు తెగితే వారంటీ పోతుందని ఉంది. మరక పడితే పోతుందని ఎక్కడా లేదు. మర్నాడే రిజిస్టర్ పోస్టులో నోటీసు పంపాను: ఏం విప్పామో పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా చూపించండి, లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. దానికి వకీలు అక్కర్లేదని అప్పటికే తెలుసుకున్నాను.

పదో రోజు వాళ్ళే ఫోన్ చేసి రమ్మన్నారు.

మేం వెళ్ళేసరికి దారం తెంపడానికి మెకానిక్కు కత్తెర తెచ్చాడు. నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "కత్తెర వొద్దు నాయనా. ఇది నేను వేసిన ముడి." రెండు వేళ్ళతో ఇట్టే విప్పేశాడు. నేను ఫోన్‌లో వీడియో తీస్తూనే ఉన్నాను. దారం కింద సీలు పచ్చగా ఉంది, అంచు కూడా చెదరలేదు.

మేనేజరు కాసేపు మెడ రుద్దుకున్నాడు. "సరేలేమ్మా. పెద్దాయన మొకం చూసి కొత్త బ్యాటరీ వేసిస్తాము. మీ తప్పే అయినా దయతో ఇచ్చినామని ఈ లెటర్లో సంతకం పెడితే చాలు."

నాయన పెన్ను తీసుకున్నాడు. "ఇస్తామంటా ఉండారు కదమ్మా. ఇంకేమి కొట్లాట?"

"వొద్దు నాయనా. తప్పు నీదని నువ్వే ఒప్పుకున్నట్టు అయితాది. రేపు ఈ బ్యాటరీ చెడిపోతే మళ్ళీ ఎవురి దయ అడిగేది?" మేనేజరు వైపు తిరిగాను. "దయ వొద్దన్నా. వారంటీ కింద మార్చినామని రాయండి. రాయకుంటే కమిషన్ ఆఫీసు ఈ ఊర్లోనే ఉండాది, ఇప్పుడే పోతాము."

"మొండిదాన్ని కన్నావు పెద్దాయనా," అని మేనేజరు ఆ లెటరు చించి, బండి రిపేరు వివరాలు రాసే జాబ్‌కార్డు మీద నేను చెప్పినట్టే రాశాడు.

బ్యాటరీ బిగించాక సంతకానికి ఇంకో ఇంగ్లీషు కాగితం తెచ్చి, పెట్టాల్సిన చోటు వేలితో చూపించాడు. నాయన పెన్ను మూత కూడా తీయలేదు. బెంచీ మీద తీరిగ్గా కూర్చున్నాడు.

"ఇందులో ఏమి రాసుండారు సార్? తెలుగులో సదివి చెప్పండి. అంతా."

నేను అందుకోబోతే నాయన కళ్ళతోనే ఆపాడు. మేనేజరు నిలబడి, ఒక్కో లైనూ తెలుగులోకి మార్చుకుంటూ చదవడం మొదలుపెట్టాడు.