మా పెంచలయ్య హెలికాప్టర్ ఎక్కినాడు

పెంచలయ్య నా భార్య చెంచమ్మకు తమ్ముడు. చేపలు పట్టే మా పాళెంలో పుట్టి, పడవెక్కితే వాంతులు చేసుకునే మనిషి వాడొక్కడే. వల లాగలేక కృష్ణపట్నం పోర్టులో వాచ్‌మన్‌గా చేరినాడు. ఊరు నవ్వింది, నేనూ నవ్వినాను.

నా సంగతి వేరు. ఊరి బడిలో అయిదు వరకే చదివినా, చాన్నాళ్లు పాళేనికి పెద్దకాపుగా, తగువులు తీర్చే పెద్దగా ఉన్నాను. తుఫానులో బోల్తాపడిన పడవ దగ్గరికి ఈదుకుంటా పోయి ముగ్గురిని ఒడ్డుకు చేర్చినాను. సముద్రంలో చిక్కినోళ్లను మిలిటరీ హెలికాప్టర్ తెచ్చి దించేటప్పుడు, ఇసకలో సున్నంతో గుండ్రంగా గీసి జెండా ఊపింది నేనే. ప్రాణం దక్కినోడి ఇంటిపెద్ద, కాపాడినోళ్లకు కొత్త పంచె కప్పడం మా ఆచారం. మిలిటరీవాళ్లు నిలవకుండా ఎగిరిపోతారు కాబట్టి ఆ పంచె నా భుజాన పడేది. పెట్టె నిండా ఉన్నాయి. అయితే ఒక్కసారి హెలికాప్టర్ లోపల కాలు పెట్టనీయమంటే మాత్రం, రూలు ఒప్పుకోదన్నారు.

రెండేళ్ల కిందట ఆ కాపాడే పని ప్రైవేటు కంపెనీకి ఇచ్చినారు. వాళ్లు ఈ తీరం తెలిసిన మనిషిని లోపలే కూర్చోబెట్టుకుంటామన్నారు. నాకు వయసు దాటిందని చెప్పి పెంచలయ్యను తీసుకున్నారు. పడవలో కక్కేవాడికి గాల్లో ఏమీ కాలేదు! హెలికాప్టర్ మోత వినబడితే నేను ఇంట్లోకి పోయేవాణ్ణి.

మొన్న కార్తీకంలో నా కొడుకు మధుబాబు పడవ ఇంజను చెడి గాలికి కొట్టుకుపోయింది. దాన్ని కనిపెట్టి, తాడుతో వాణ్ణి పైకి చేదుకున్నది పెంచలయ్యే.

కంపెనీవాళ్లు వెంటనే ఎగిరిపోలేదు, దిగి టీ తాగతా ఉన్నారు. చెంచమ్మ కొత్త పంచె తెచ్చి నా చేతిలో పెట్టింది. జీతానికి చేసిన పనికి పంచె ఏందని గొణిగినాను.

"నువ్వు కప్పించుకున్నయ్యి దేనికి? ఇసకలో నిలబడినందుకా?" అనింది, ఊరంతా వినేట్టు.

కప్పినాను. కొడుకు బతికొచ్చిన సంతోషం ఒకపక్క. ఇంకోపక్క పెంచలయ్య భుజాన ఆ పంచె చూస్తే కడుపు మండింది.

పెంచలయ్య నా చెవి దగ్గరికొచ్చి, "బావా, కింద జెండా చూపే మనిషి కావాలంటన్నారు. నీ పేరు చెప్పేదా?" అన్నాడు.

"కిందికైతే వద్దు. పైకైతే చెప్పు."

ఎగతాళి చేస్తాడనుకున్నా. చెయ్యలేదు. నేరుగా పైలట్ దగ్గరికి పోయి, చేతులు కట్టుకుని నా కోసం అడగతా నిలబడినాడు. వాడిలో నాకు గిట్టనిది ఆ గుణమే.