తిరగేసి కట్టిన తీగ

టైలరమ్మకి పంతం ఎక్కువని వీధి వీధంతా అంటుంది. అబద్ధమేం కాదు. బట్ట ఇచ్చి "రేపటికి కావాలి" అన్నవాళ్లకి రేపటికి కుట్టి ఇస్తుంది. "ఇది నీవల్ల కాదులే" అన్నవాళ్లకి సాయంత్రానికే కుట్టి ఇస్తుంది. నలభై నాలుగేళ్లు వచ్చాయి కాబట్టి ఆ గుణం కాస్త తగ్గిందేమో అనుకుంటారు కొత్తవాళ్లు. తగ్గలేదు, ముదిరింది.

ఆమె ఉండేది రెండు గదుల్లో. వెనక గది తల్లిది. ముందు గదిలో కుట్టుమిషను, కత్తిరింపు బల్ల, ఇస్త్రీ బల్ల, వాటి పక్కన గోడకి ఆనుకుని ఒక మోటారు సైకిలు. ఊరు మారిపోతూ ఒక ఫొటోగ్రాఫర్ అమ్మిన పదిహేడేళ్ల బండి అది. ఇంట్లో దాన్ని "ముసలిది" అంటారు. ఆ మాట వినపడ్డప్పుడల్లా వెనక గదిలోంచి తల్లి "ఎవర్నే?" అని అడుగుతుంది, తెలిసే.

ఊరి బయట పందేల ట్రాకు ఒకటుంది. ఏడాదికి రెండుసార్లు దాన్ని మామూలు జనానికి తెరుస్తారు. ఎవరి బండి వాళ్లు తెచ్చుకుని, రుసుము కట్టి, ఇరవై నిమిషాల చొప్పున నాలుగు విడతలు తిరగొచ్చు. ఎదురు బండి రాదు, కుక్క అడ్డం పడదు, మలుపులో ఇసుక ఉండదు. టైలరమ్మ అక్కడికి రెండుసార్లు వెళ్లింది. రోజంతా నడుం వంచి సూదిలో దారం ఎక్కించే మనిషికి ఆ నల్లటి రోడ్డు మీద నడుం వంచడం వేరే సంగతిలా అనిపించింది. కుట్టుకూలిలో మిగిలిందంతా ఒక డబ్బాలో పడేది, ఆ డబ్బా ట్రాకు కోసమే.

ఆ రెండుసార్లూ బండిని సిద్ధం చేసింది అన్నయ్య. ఆయన మెకానిక్. షెడ్డు తండ్రి పెట్టింది. చిన్నప్పుడు తండ్రి అన్నయ్యని లోపలికి పిలిచి పానాలు అందించమనేవాడు, చెల్లెల్ని మాత్రం గుమ్మం దగ్గరే ఆపేసి "గౌనుకి మసవుతుంది, ఇంటికి పో" అనేవాడు. తండ్రి పోయాడు గానీ ఆ గుమ్మం అలాగే ఉంది. మళ్లీ ట్రాకు తెరిచే రోజు దగ్గరపడుతుండగా, ఒకసారి షెడ్డు నిండా మనుషులున్నప్పుడు అన్నయ్య నవ్వుతూ, "మా చెల్లెలికి నడపడం వచ్చు. నేను చెయ్యి పెట్టకపోతే మాత్రం ఆ బండి ట్రాకు గేటు కూడా దాటదు" అన్నాడు. అందరూ నవ్వారు. టైలరమ్మ నవ్వలేదు.

"ఈసారి నేనొక్కదాన్నే సిద్ధం చేస్తా," అంది. "ట్రాకు తెరిచిన రోజు సాయంత్రంలోపు దాని మీద తిరగకపోతే బండి తాళంచెవి నీ చేతిలో పెడతా. అమ్మేసుకో."

"తిరిగితే?"

"షెడ్డు తాళంచెవి ఒకటి నా దగ్గరుంటుంది. రెండో బల్ల నాది."

"బల్లదేముందే, తీసుకో," అన్నాడు అన్నయ్య. ఇవ్వాల్సి వస్తుందని అనుకోని మనిషి ఎంత తేలిగ్గా ఇస్తాడో అంత తేలిగ్గా అన్నాడు.

ఆ తరవాత ఆరు వారాలు ముందు గదిలో కుట్టుమిషను చప్పుడు ఒక పూట, పానాల చప్పుడు ఒక పూట. జిరాక్సు తీయించిన రిపేరు పుస్తకాన్ని టైలరమ్మ మిషను మీద నిలబెట్టి, బొమ్మ చూసి ఒక్కో భాగం విప్పేది. విప్పిన ప్రతి బోల్టునీ తల్లి కోడిగుడ్ల అట్టల్లో గుంటకొకటి చొప్పున పెట్టి, పక్కన చీటీ రాసేది. టార్చి పట్టుకునే ఉద్యోగం కూడా ఆవిడదే.

"అమ్మాయ్, ఇది ఏ గుంటలోది?"

"మూడో వరసలో రెండోదమ్మా. జాగ్రత్త, పడేయకు."

"నిన్ను కూడా ఇంత జాగ్రత్తగా పట్టుకోలేదే నేను," అనేది తల్లి.

కార్బ్యురేటర్ని పాత పళ్ల బ్రష్షుతో తోమింది. బ్రేకు ప్యాడ్లు మార్చింది. పందేలవాళ్లు ఒక్కరోజు వాడి పారేసే టైర్లని, వాళ్లని బతిమాలి సగానికి సగం ధరకి తెచ్చింది. ట్రాకు మీద వేసుకునే తోలు సూటు ఎవరో భారీ మనిషి విడిచింది దొరికింది. దాన్ని విప్పి తన కొలతకి కత్తిరిస్తే ఒక్క పొట్ట దగ్గరే మరో మనిషికి సరిపడా తోలు మిగిలింది. ఆ తోలుని మోకాళ్లకీ మోచేతులకీ రెండు పొరలు వేసి కుట్టింది. ఆ మహానుభావుడి బొజ్జ వృథా పోలేదు.

అన్నిటికంటే ఏడిపించింది ఒక బోల్టు. ఇంజను అడుగున ఆయిల్ దింపే బోల్టు అది. దాని తలకి చిన్న చిల్లి పెట్టి, అందులోంచి స్టీలు తీగ దూర్చి, బండి చట్రానికి బిగించి కట్టాలని ట్రాకు రూలు. కట్టకపోతే అదురుకి బోల్టు వదులవుతుంది, ఆయిల్ కారుతుంది, వెనకొచ్చేవాళ్లంతా జారి పడతారు. ఇస్త్రీ బల్లకి బోల్టుని కదలకుండా పట్టే ఇనప పట్టు బిగించి టైలరమ్మ చిల్లి పెట్టబోతే డ్రిల్లు బిట్లు వరసగా అయిదు విరిగాయి. ఆరోది దిగింది. నేల మీద వెల్లకిలా పడుకుని, పుస్తకంలో బొమ్మ చూసుకుంటూ తీగ దూర్చి, మెలి తిప్పి కట్టింది. మెలికలన్నీ ఒకే కొలతలో, చీర అంచు మడిచి కుట్టినంత ముచ్చటగా వచ్చాయి. తల్లి టార్చి వేసి చూసి, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో అయితే గెలిచావు," అంది.

ఆ రోజు రానే వచ్చింది. తెల్లారగానే అన్నయ్య చిన్న ట్రాలీ వ్యాను తెచ్చాడు. పందెంలో భాగంగా ఆయన పని బండి మొయ్యడం వరకే. ముసలిదాన్ని ఎక్కించి పట్టీలు బిగిస్తూ వంగినవాడు, ఇంజను కిందికి చూసి ఒక్క క్షణం ఆగిపోయాడు.

"ఏం చూస్తున్నావన్నయ్యా?"

"ఏం లేదు. పట్టీ బిగిసిందా అని," అని చేతులు తుడుచుకున్నాడు.

ట్రాకు దగ్గర తనిఖీ చేసే పెద్దాయనకి మోకాళ్ల నొప్పి. అందుకని కర్రకి అద్దం కట్టుకుని బండ్ల అడుగు భాగం చూస్తాడు. టైర్లు నొక్కాడు, బాగున్నాయన్నాడు. చైను వేలితో ఎత్తి చూశాడు, సరిపోయిందన్నాడు. పగిలినా గాజు రాలకుండా లైటు మీద వేసిన టేపు, బ్రేకులు, అన్నీ చూసి తల ఊపాడు. అప్పుడు అద్దం ఇంజను కిందికి వెళ్లింది.

"ఈ తీగ ఎవరు కట్టారమ్మా?"

"నేనే సార్."

"కట్టు ముచ్చటగా ఉంది. కానీ తిరగేసి కట్టావు. తీగ బోల్టుని బిగిసే వైపు లాగాలి. ఇది ఊడే వైపు లాగుతోంది. ఇంత కష్టపడి ఊడమని బతిమాలినట్టుంది." పెట్రోలు ట్యాంకు మీద ఎర్ర చాక్‌పీసుతో ఇంటూ గుర్తు గీశాడు. "తొమ్మిదిన్నర దాకా ఇక్కడే ఉంటా. ఆ తరవాత ఎవరొచ్చినా చూడను."

ఎక్కడ పొరపాటు జరిగిందో టైలరమ్మకి చప్పున అర్థమైంది, అందుకే ఇంకా సిగ్గేసింది. ముప్పై ఏళ్లుగా బట్టని లోపలివైపు నుంచే కుట్టిన మనిషి. ఏ బొమ్మ చూసినా ముందు మనసులో దాన్ని తిరగేసి, ఆ తరవాతే చెయ్యి పెడుతుంది. పుస్తకంలో బొమ్మ కింద నుంచి చూసి గీసిందే, ఆమె పడుకుంది కిందే. తిప్పాల్సిన పనే లేదు. చెయ్యి మాత్రం అలవాటు చొప్పున తిప్పేసింది. ఇంకెవరూ చెయ్యని తప్పు, టైలరు కాబట్టి చేసింది.

టైం ఎనిమిదిన్నర. అన్నయ్య జేబుల్లో చేతులు పెట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"నా పెట్టెలో తీగ ఉంది," అన్నాడు మెల్లగా.

"నేను అడిగానా?"

అడగలేదు. పాత తీగ కత్తిరించి తీసేసింది. ఒకసారి మెలి తిరిగిన తీగ రెండోసారికి పనికిరాదు, పుటుక్కుమంటుంది. సంచీ వెతికితే మిగిలింది జానెడు. కావాల్సింది మూరెడు. ఆరు నూరైనా నూరు ఆరైనా ఈ బండి అమ్మేది లేదనుకుని, టైలరమ్మ డేరాల వెంట నడిచింది.

మొదటి డేరాలో లేదన్నారు. రెండో డేరాలో అయిపోయిందన్నారు. మూడో డేరాలో గడ్డం మనిషి ఒకాయన గ్లోవు చేత్తో పట్టుకుని దిగాలుగా కూర్చుని ఉన్నాడు. పక్కనే పెట్టెలో తీగచుట్ట మెరుస్తోంది.

"తీగ ఎంతైనా తీసుకోక్కా," అన్నాడాయన. "నాకేమన్నా పనికొస్తుందా ఇక? అరచేతి కుట్టు ఊడిందని నన్నూ వెనక్కి పంపేశాడు పెద్దాయన."

టైలరమ్మ ఆ గ్లోవు లాక్కున్నంత పని చేసింది. తోలు సూది, మైనం పట్టించిన దారం ఆమె జేబు వదిలి ఎక్కడికీ పోవు. అక్కడే ఒక టైరు మీద కూర్చుని, పాత చిల్లుల్లోంచే రెండు వరసలు కుట్టింది. తన టైం కరిగిపోతోందని తెలుసు. అలాగని కుట్టు తేలిగ్గా వెయ్యలేదు. చేతగానిదని ఒకచోట ఇప్పుడే అనిపించుకుంది, చేతనైన చోట కూడా అనిపించుకోవడం ఆమెకి ఇష్టం లేదు. గడ్డం మనిషి గ్లోవు తొడిగి, పిడికిలి రెండుసార్లు బిగించి చూసుకుని, తీగచుట్ట మొత్తం ఆమె చేతిలో పెట్టేశాడు.

మళ్లీ ముసలిదాని కింద వెల్లకిలా పడుకుంది. ఈసారి పుస్తకం తెరవలేదు. బోల్టు మీద వేళ్లు పెట్టి, పానా లేకుండా మణికట్టుతోనే బిగించినట్టు తిప్పింది. ఇటు తిరిగితే బిగుస్తుంది. అంటే తీగ ఇటే లాగాలి. ఇంకోసారి తిప్పి చూసుకుంది. జీన్సు గుడ్డలోంచి సూది లాగే చిన్న పట్టకారుతో తీగ పట్టి, మెలి వేసి, చట్రానికి బిగించింది. ఈ మెలికలు మొదటివాటంత అందంగా రాలేదు. రాకపోతే పోనీ.

తొమ్మిదీ ఇరవై ఏడుకి బండి తోసుకుంటూ వెళ్లింది. పెద్దాయన అద్దం పక్కన పడేసి, మూలుగుతూ మోకాళ్ల మీద కూర్చుని, స్వయంగా వేలు పెట్టి తీగ లాగి చూశాడు. తడి గుడ్డతో ఎర్ర గుర్తు తుడిచేసి, ఆ చోటే పచ్చ చీటీ అంటించాడు.

మొదటి విడత అప్పటికే అయిపోయింది. మిగిలిన మూడూ తిరిగింది. ముసలిది దగ్గలేదు, తుమ్మలేదు. కొత్త బండ్లు సర్రున దాటిపోతుంటే దారిచ్చింది, మలుపుల్లో మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. చివరి విడతలో, మూడో మలుపు దగ్గర ఒరిగినప్పుడు, మోకాలి తోలు నేలని తాకి చర్రుమంది. ఆమెకి ఎంత సంతోషమేసిందంటే హెల్మెట్ లోపల గట్టిగా అరిచింది. ఎవరికీ వినపడలేదు, వినపడ్డా లెక్కచేసేది కాదు. బండి దిగగానే చేసిన మొదటి పని బోల్టు తడిమి చూడటం. పొడిగా ఉంది.

తిరుగు ప్రయాణంలో అన్నయ్య వ్యాను నడిపాడు. ఊరి దీపాలు కనపడ్డాక నోరు విప్పాడు.

"పొద్దున పట్టీలు కట్టేటప్పుడే చూశాను. తీగ తిరగబడి ఉందని."

టైలరమ్మ ఆయన వైపు తిరిగింది. "చూసి ఊరుకున్నావా?"

"పెద్దాయన ఎలాగూ పట్టుకుంటాడని తెలుసు. ఆయన చూడకపోతే నేనే చెప్పేవాణ్ణి."

"ఎప్పుడు? ఎన్నో మలుపులో?"

టైలరమ్మకి ఒళ్లు మండిపోయింది. అప్పుడు షెడ్డులో నవ్వినందుకు కోపం వచ్చింది గానీ అది పంతంతో తీరింది. ఇది అలా తీరేది కాదు. పందెం గెలవడానికి సొంత అన్నయ్య తన ప్రాణం మీదికొచ్చే సంగతిలో నోరు మూసుకున్నాడు, ఒక్క పూటకైనా సరే. అన్నయ్య గుత్తిలోంచి ఒక తాళంచెవి విప్పి ఆమె ముందు పెట్టాడు. ఆమె తీసుకుంది.

సోమవారం పొద్దున్నే, కోడిగుడ్ల అట్టలు చంకలో పెట్టుకుని షెడ్డుకి వెళ్లింది. చిన్నప్పుడు ఆగిన గుమ్మం ఆగకుండా దాటింది. లోపల ఒక బండి సిద్ధమై ఉంది. దాని తాలూకు మనిషి హెల్మెట్ పెట్టుకుని తొందరపడుతున్నాడు, ఇంకో నలుగురు వరసలో ఉన్నారు. బండి పక్కనుంచి నడుస్తూ టైలరమ్మ ఆగింది. వెనక చక్రం ఇరుసు నట్టుకి ఉండాల్సిన పిన్ను లేదు. పిన్ను లేని నట్టు ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది, దాంతోపాటు చక్రం.

మొన్న నలుగురిలో నవ్విన మనిషిని నలుగురిలో నిలబెట్టడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. ఆ సంగతి ఆమెకి తట్టకపోలేదు. అన్నయ్య దగ్గరికి వెళ్లి, ఆయనకి మాత్రమే వినపడేలా చెప్పింది.

"అన్నయ్యా, వెనక ఇరుసుకి పిన్ను పెట్టలేదు."

ఆయన వంగి చూశాడు.

"చూశాను కాబట్టి చెప్తున్నా," అంది టైలరమ్మ, అంతే మెల్లగా.

అన్నయ్య లేచి, ఎక్కబోతున్న మనిషి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఒక్క నిమిషం ఆగండి. పిన్ను పెట్టడం మర్చిపోయాను," అన్నాడు, వరసలో ఉన్న నలుగురికీ వినపడేంత గట్టిగా. "మా చెల్లెలు చూసి చెప్పింది."

పిన్ను తెచ్చి తనే పెట్టి, కొసలు వంచాడు. వంచాక పక్కకి జరిగి, "ఒకసారి చూడవే," అన్నాడు. టైలరమ్మ వంగి, వేలు పెట్టి లాగి చూసి, సరేనని తల ఊపి, రెండో బల్ల మీది పాత డబ్బాలు దించడం మొదలుపెట్టింది.